గాజుపోగు మీద కుంకుమ

పెట్టె మూత మీద మాత్రమే బొట్టు పెట్టమన్నాడు మా ఆయన. లోపల చెయ్యి పెట్టొద్దన్నాడు. రెండుసార్లు చెప్పాడు. విన్నాను, తలూపాను. అయినా మూత తీశాను. ఇన్నేళ్ల తరవాత ఇది రాస్తున్నది బరువు దించుకుందామని కాదు. దిగే బరువైతే ఎప్పుడో దిగేది.

మాది భీమిలి. మా నాన్న బస్సు బుకింగులో గుమస్తా. అమ్మకి కీళ్లవాతం, ఇంటి చాకిరీ నాది, అందుకని నన్ను బడికి పంపలేదు. సాయంత్రం ఇంటికొచ్చాక నాన్నే పాత టిక్కెట్టు పుస్తకాల వెనకవైపు తెలుగు రాయించాడు. అది వచ్చాక ఇంగ్లీషు. నేను మొదట కూడబలుక్కుని చదివిన ఇంగ్లీషు ముక్క బస్సు తలుపు మీద రాసే హెచ్చరిక. అక్షరాలతోపాటు నాన్న ఇంకొకటి నేర్పాడు: దొరికినదానికల్లా దణ్ణం పెట్టడం. విస్తరి ముందు దణ్ణం. వాన వచ్చినా దణ్ణం, వెలిసినా దణ్ణం. జ్వరం తగ్గితే సింహాద్రి అప్పన్నకి మెట్లెక్కి మొక్కు. ఆ అలవాటు నా ఒంట్లో ఇంకిపోయింది. మంచి అలవాటే అనుకున్నాను.

డెబ్బైల్లో మా మేనత్త కొడుకుతో పెళ్లయి విశాఖపట్నం వచ్చాను. పోర్టుకి దగ్గర్లో ఒక గది, వెనక చిన్న వంటిల్లు, ముందు చిన్న వరండా. ఆయన ఒక కాంట్రాక్టు కంపెనీలో కేబుల్ జాయింటరు. పోర్టులో టెలిఫోను తీగలు భూమిలో పోతాయి. సీసపు గొట్టం లోపల వందల రాగి తీగలు, ఒక్కోదానికీ కాగితం చుట్టి ఉంటుంది. ఉప్పుగాలి ఊరు ఇది. ఎక్కడో ఒకచోట గొట్టం చిట్లుతుంది, చెమ్మ చేరుతుంది, కాగితం నానుతుంది, ఫోనులో మనిషి మాటకి బదులు బరబరమని చప్పుడు. అప్పుడు మా ఆయన గోతిలోకి దిగాలి. కాగితానికి తడి ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక ముక్కని కాగిన మైనంలో ముంచుతాడు. చిటపటలాడితే తడి ఉన్నట్టు. ఆరబెట్టి, తీగకి తీగ ముడివేసి, పైన సీసం కరిగించి, జిడ్డుగుడ్డతో అది చల్లారేలోపు నున్నగా తుడవాలి. ఆ తుడుపు అందరికీ రాదు. ఆయన చేతి జాయింటు ఏ వానాకాలంలోనూ కారలేదని పోర్టులో చెప్పుకునేవారు.

ఎనభైలు ముగియవస్తున్నాయి. ఉక్కు కర్మాగారం లేస్తున్న రోజులు. అక్కడ పెద్ద పెద్ద మోటార్లు, కరెంటు కొలుములు. వాటి పక్కన రాగి తీగ వేస్తే ఆ కరెంటు ఘోష అంతా తీగలోకి దిగుతుంది. అందుకని అక్కడ కొంత మేర గాజు తీగ వేస్తారని కబురు వచ్చింది. మా ఆయన ఆ రోజు అన్నం ముందు కూర్చుని నవ్వుతూనే ఉన్నాడు.

"గాజుతో తీగేటి బావా? ఇరిగిపోదా?"

"సూసినాను. వొంచితే వొంగుతాది. నీ జుట్టు కన్నా సన్నం."

"మరి అందులో కరెంటు ఎలా పోద్ది?"

"కరెంటు పోదే. ఎలుతురు పోద్ది."

కంపెనీ తరఫున కృష్ణా జిల్లా నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. రాగి పనివాళ్లలో కొందరిని ఏరి పది రోజులు నేర్పిస్తాననీ, మొదటి లైను జాయింట్లు పాసైతే ఆ చేసినవాళ్లని పర్మనెంటు చేసి టౌన్‌షిప్పులో క్వార్టర్సు ఇప్పిస్తాననీ అన్నాడు. మిగతావాళ్లకి పోర్టు గోతులే. అదీ రాగి పని ఉన్నంతవరకు. పదిహేనేళ్లుగా మా ఆయన కాంట్రాక్టు మనిషే. ఏ నెల పొమ్మంటారో తెలియని బతుకు. ఆ ఏరినవాళ్లలో ఆయన పేరుంది. నేను ఆ శనివారం కొండెక్కి వచ్చాను.

పది రోజుల పాఠానికి ఇచ్చిన నోట్సు ఇంగ్లీషులో ఉంది. ఆయన చదివింది ఐదో తరగతి. వరండాలో కూర్చుని నేను చదివి చెప్పేదాన్ని. నాన్న నేర్పిన చదువు పెళ్లయ్యాక మొదటిసారి పనికొచ్చింది. గాజు పోగులో రెండు పొరలుంటాయట. నడిమధ్యన ఒక రకం గాజు, దాని చుట్టూ కొంచెం వేరు రకం గాజు. వెలుగు నడిమి గాజులోనే పోతుంది, చుట్టూ ఉన్న గాజు దాన్ని బయటికి పోనివ్వదు. ఎందుకు పోనివ్వదో నోట్సులో బొమ్మ ఉంది గాని, బొమ్మ చూస్తే నాకు బుర్రకెక్కలేదు.

ఒక సందెవేళ కరెంటు పోయింది. ఆయన ఖాళీ ఊరగాయ సీసా తెచ్చి, రేకు మూతకి మేకుతో రెండు బెజ్జాలు పెట్టాడు. నీళ్లు నింపి, సీసాకి తువ్వాలు చుట్టి, అడుగువైపు టార్చిలైటు ఆనించి అడ్డంగా పట్టుకున్నాడు. బెజ్జంలోంచి నీళ్లు వంపు తిరిగి గిన్నెలోకి పడుతున్నాయి.

"సెయ్యి అడ్డెట్టు."

పెట్టాను. నీళ్లతోపాటు వెలుగు నా అరచేతిలో పడింది. టార్చి సూటిగా గోడవైపు ఉంది. వెలుగు మాత్రం గోడకి పోలేదు, ధారతో వంగి నా చేతిలోకొచ్చింది. అభిషేకం ధార ఎన్నిసార్లు చూశానో, దానిలో వెలుగు ఇలా ప్రయాణం చేస్తుందని నాకు తెలియదు.

"ఎలా వొంగింది?"

"వొంగనేదు. గెంతింది. సిన్నప్పుడు భీమిలి ఏటిలో పెంకులు ఇసిరేవోళ్లం కాదేటి. నిలువుగా ఏస్తే ములుగుద్ది. పడుకోబెట్టి ఏస్తే?"

"గెంతుతాది."

"ఎలుతురూ అంతే. నీళ్ల అంచుకి నిలువుగా తగిల్తే బయటికి పోద్ది. జారినట్టు తగిల్తే మళ్లీ నోపలికే గెంతుతాది. ఆ అంచు నించి ఈ అంచుకి, ఈ అంచు నించి ఆ అంచుకి. అలా గెంతుకుంటూ మైళ్లు మైళ్లు పోద్దట."

బొమ్మ నాకప్పుడు అర్థమైంది. చుట్టూ ఉన్న రెండో గాజు ఎందుకో కూడా నేనే కనిపెట్టాను. దుమ్మో జిడ్డో నడిమి గాజుకి అంటుకుంటే అక్కడ అంచు చెడి వెలుగు కారిపోతుంది. అందుకని పోగు సాగినంత మేరా దానికి శుభ్రమైన అంచుని గాజుతోనే తొడిగారు.

"అప్పన్నకి సందనం పూసినట్టు," అన్నాను. "నోపల తేజస్సు బయటికి పోకండా."

"ఓలమ్మ, ఆ ఇంజినీరు దగ్గిర అనకు. నన్ను పంతులని పిలుత్తాడు," అని పకపకా నవ్వాడు.

మాట ఎలా పోతుందో తరవాతి పేజీలో ఉంది. ఒక చివర చిన్న దీపం కంటికి అందనంత వేగంగా వెలిగి ఆరుతుంది, రెండో చివర యంత్రం ఆ మిణుకులని లెక్కపెట్టి మళ్లీ మాట చేస్తుంది. మిణుకుకీ మిణుకుకీ మధ్య సందులో ఇంకొకరి మాట, ఇంకొకరిది. ఒక్క పోగులో ఎందరో ఒకేసారి మాట్లాడుకోవచ్చు, ఒకరి మాట ఒకరికి తగలదు. నిప్పురవ్వ పుట్టదు కనుక నూనె ట్యాంకుల పక్కన కూడా వెయ్యొచ్చు. పైగా ఆ వెలుగు కంటికి కనబడే రకం కాదట. పోగు మొన కంటికెదురుగా పెట్టుకోవద్దని నోట్సులో పెద్దక్షరాలతో ఉంది, కనబడకుండానే కన్ను పోతుంది. కనబడని వెలుగు అనే మాట చదివి నేను చాలాసేపు పేజీ తిప్పలేదు. ఇంత చూపించినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

అన్నిటికన్నా కష్టం జాయింటు. రాగిని మెలిపెడితే చాలు. గాజుని వజ్రపు అంచుతో అద్దంలా కోసి, రెండు మొనలనీ ఎదురెదురుగా తెచ్చి, మెరుపు లాంటి నిప్పుతో కరిగించి అతికించాలి. మొనలు వెంట్రుకవాసి పక్కకి జరిగినా వెలుగు దాటదు. అవి జరగకుండా ఉండడానికి అరచేతిలో పట్టే ఉక్కు పలక ఒకటి ఉంటుంది, దాని మీద సన్నని గాడి. పోగులని ఆ గాడిలో పడుకోబెడతారు. మా ఆయన చెయ్యి చూసి ముచ్చటపడి, ఇంటి దగ్గర ముక్కపోగులతో సాధన చెయ్యమని ఇంజినీరు ఆ పలకనీ, కోసే పనిముట్లనీ ఒక చిన్న పెట్టెలో పెట్టి ఆయనకే ఇచ్చాడు, అసలు జాయింటుకీ అదే పలక తెమ్మన్నాడు. కిటికీ దగ్గర నల్లగుడ్డ పరిచి సాధన చేసేవాడు. తెగిన ముక్కలు కంటికి ఆనవు, కాలిలో దిగితే తీయలేం. అందుకని నేను అటు నడవకుండా ముగ్గుతో గీత గీసుకున్నాను. ఆయన లేచాక ఆ గుడ్డని ముక్కలు రాలకుండా మడిచి, చీపురు తగలకుండా నేనే దాచేదాన్ని.

అసలు జాయింటు దసరా మర్నాడు పడింది. పండగ ముందురోజు కంపెనీ ఆఫీసులో ఆయుధపూజ చేశారు. అతికించే పెద్ద యంత్రానికి బంతిపూల దండ వేసి, మూత మీద కుంకుమ రాసి, ఇంజినీరే స్వయంగా కొబ్బరికాయ కొట్టి ఫొటో తీయించుకున్నాడు. అది మా ఆయన చెప్తుంటే విన్నాను. పండగనాడు మా ఇంట్లో పూజ. సీసం తుడిచే గుడ్డ, సీసం కరిగించే ఊదుడు దీపం, కట్టరు, అన్నిటికీ ఏటా పెట్టేదాన్ని. ఈసారి వాటి మధ్యలో ఆ పెట్టె.

"మూత మీద ఎట్టు. నోపల సెయ్యెట్టకు," అన్నాడు స్నానానికి పోతూ. గుమ్మం దగ్గర ఆగి మళ్లీ అన్నాడు.

మూత మీద పెట్టాను. హారతిచ్చాను. తరవాత నాకు మనసొప్పలేదు. మూత ఏం పని చేస్తుంది? రేపు పని చేసేది ఆ గాడి కదా. మాకు క్వార్టర్సు ఇచ్చేది, ఏ నెల పొమ్మంటారో అనే భయం తీసేది ఆ ఉక్కు ముక్క కదా. దానికి దణ్ణం పెట్టకుండా అట్టపెట్టెకి పెడితే అమ్మవారు ఊరుకుంటుందా అనుకున్నాను. గాడి జోలికి పోలేదు. అంతమాత్రం తెలుసు నాకు. పలక మూలన ఉంగరం వేలితో, గోటి మీద నిలిచేటంత తడిపసుపు పెట్టి దాని మీద కుంకుమ అద్దాను. ఆరాక చీరకొంగుతో తుడిచేశాను. కంటికి ఏమీ మిగల్లేదు. కంటికి కనబడని దాని గురించి అన్ని పేజీలు చదివి చెప్పిన మనిషిని నేను.

మర్నాడు చీకటి పడకముందే ఆయనతోపాటే గాజు పని నేర్చుకున్న జోడీ పనివాడు మా గుమ్మంలోకి వచ్చాడు. మా ఆయన్ని బావ అంటాడు, నన్ను చెల్లి వరస.

"సెల్లెమ్మా, బావ ఇంకా రానేదా?"

"నేదు అన్నయ్యా. ఏటైంది?"

అతను కూర్చోకుండానే చెప్పాడు. పొద్దున మొదటి పోగు పెట్టేముందు మా ఆయన ఎప్పటిలాగే స్పిరిట్లో దూది ముంచి పలకా గాడీ తుడిచాడు. దూది పచ్చబడింది. ఒక్క క్షణం ఆగి, మళ్లీ తుడిచాడు. మళ్లీ పచ్చ. పసుపు నీళ్లకన్నా స్పిరిట్లో బాగా కరుగుతుంది. కరిగి గాడి పొడుగునా పాకింది. ఎన్ని దూదులు మార్చినా సన్నని పొర ఉండిపోయింది. దాని మీద పడుకోబెట్టిన పోగు ఆ పొరంత ఎత్తు లేచింది. అతికించారు. అవతలి చివర నుంచి వెలుగు చాలడం లేదన్నారు. కోశారు, మళ్లీ అతికించారు. మళ్లీ అదే మాట. కోసినప్పుడల్లా పోగు కొంచెం పొట్టిదవుతుంది. గోతిలో చుట్టి ఉంచిన అదనపు పోగు మధ్యాహ్నానికి అయిపోయింది. ఇక అతికించడానికి పోగు అందదు. మళ్లీ తవ్వాలి, కొత్త తీగ లాగాలి.

"ఇంజినీరు ఆ పలక తీసుకుని మైక్రోస్కోపు కింద ఎట్టి సూసినాడు సెల్లెమ్మా. సూసి ఏటన్నాడో తెలుసా? ఏమయ్యా, దీన్ని వంటింట్లో గాని పెట్టావా, పోపు వాసనొస్తందేంటి, అన్నాడు. అందరూ నవ్వినారు. నానూ నవ్వీసినాను, నాకు తెలీక. కుంకం ఎవరు పెట్టారు అనడిగితే బావ, నానే ఎట్టినాను సార్, పండగ కదా, అన్నాడు."

మా ఆయనే ఆ మాటన్నాడా అని మళ్లీ అడిగాను.

"అప్పుడా ఇంజినీరు, మీ చేతులకి రాగి చాలులేవయ్యా, గాజు మీకు రాదు, అన్నీసి పెట్టె లాక్కున్నాడు."

కొబ్బరికాయ కొట్టి ఫొటో తీయించుకున్న మనిషి ఆ మాటన్నాడు. ఆయన యంత్రానికి మూత మూసి ఉంది కనుక ఆయన భక్తి భక్తిగా మిగిలింది. మాది వెటకారం పాలైంది.

దీపాలు పెట్టిన కాసేపటికి మా ఆయన వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. అన్నం పెట్టమన్నాడు.

"బావా, నాను ఎట్టినానని ఎందుకు సెప్పనేదు?"

"సెప్తే?"

"తప్పు నాదని తెలుద్ది కాదేటి."

"ఎవులెట్టినా గాడికి ఒకటే. దానికి నువ్వూ తెలవవు, నానూ తెలవను." ముద్ద కలుపుతూ ఆగాడు. "దూది పచ్చబడినప్పుడే తెలిసిపోనాది నాకు."

అంతే. ఆ తరవాత ఆ సంగతి ఎత్తలేదు. ఒక్క మాట అనలేదు. అందుకు నేను కృతజ్ఞతతో ఉండాలేమో. ఉండలేకపోయాను. కేకలేసి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆ మౌనానికి ఎదురుచెప్పే చోటు నాకు లేకపోయింది.

కొత్త తీగ లాగారు. ఇంకొకరి చేత్తో జాయింట్లు పాసయ్యాయి. ఆయన జోడీ పనివాడికి గాజు పని దొరికింది, టౌన్‌షిప్పులో క్వార్టర్సు దొరికింది. పాలు పొంగించడానికి మమ్మల్ని పిలిచాడు. వెళ్లాం. వంటగదిలో కుళాయి, గోడలో అల్మారా. వాళ్లావిడ నా చేతికి కుంకుమభరిణె ఇచ్చి, "మీరు పెద్దవారు, గుమ్మానికి మీరే పెట్టండి," అంది. పెట్టాను. ఆ భరిణె తరవాత చాలాకాలం నా కళ్లముందు ఉండేది.

మా ఆయన పోర్టు గోతులకే తిరిగి వెళ్లాడు. ఆ ఎండాకాలం కడుపులో మంట మొదలైంది, తిన్నది ఇమడదు. పెద్దాసుపత్రిలో గొంతులోంచి గొట్టం వేసి చూడాలన్నారు. నన్నూ గదిలో ఉండనిచ్చారు. నల్లటి సన్నని గొట్టం, వంచితే వంగుతోంది. ఒక చివర మా ఆయన కడుపులోకి పోయింది, రెండో చివర డాక్టరు కంటికి ఆనించుకున్నాడు. పక్కనున్న పెట్టెలోంచి వెలుగు దానిలోకి పోతోంది. చూడగానే నాకు తెలిసింది అదేమిటో. లోపల ఉన్నవి ఆ పోగులే, వేలకొద్దీ. కొన్ని వెలుగు మోసుకెళ్తాయి, మిగతావి బొమ్మ మోసుకొస్తాయి, ఒక్కో పోగు ఒక్కో చుక్క చొప్పున.

గొట్టం తీశాక మా ఆయన గొంతు తడుపుకుని మొదట అడిగింది తన పుండు సంగతి కాదు.

"డాక్టరు గారూ, నల్లసుక్కలు కనబడ్డాయేటండి?"

డాక్టరు ఆగిపోయాడు. "కనబడ్డాయి. ఇది పాతబడింది. నీకెలా తెలుసు?"

"ఇరిగిన పోగు ఎలుతురు తేదండి. అక్కడ సుక్క నల్లగా ఉండిపోద్ది."

"ఏం పని చేస్తావయ్యా నువ్వు?"

"రాగి పనండి. పోర్టులో."

డాక్టరు ఆశ్చర్యంగా నవ్వి మందు రాశాడు. పుండు మందులకి తగ్గింది. కోత పడలేదు. మామూలుగా అయితే మెట్లెక్కి మొక్కు తీర్చేదాన్ని. వెళ్లలేదు. ఆ పోగులు నా భర్త కడుపు చూపించాయి, ఆయన కూడు మాత్రం తీసుకున్నాయి. ఏ చేత్తో ఇచ్చినదానికి దణ్ణం పెట్టాలో, ఏ చేత్తో తీసుకున్నదాన్ని మరిచిపోవాలో నాన్న నాకు నేర్పలేదు.

ఆ ఏడు దసరా వచ్చింది. పూజ గూట్లో అమ్మవారి పటానికి బొట్టు పెట్టి, పూలు పెట్టి లేచాను. పనిముట్లు తేలేదు, తెమ్మని ఆయన్ని అడగలేదు. నేను వంటింట్లోకి పోయి పులిహోర కలుపుతుంటే వరండాలో ఇనుము చప్పుడైంది. ఆయన సంచీ విప్పి ఊదుడు దీపం, కట్టరు, సీసం తుడిచే గుడ్డ, జాయింటులో మిగిలిన ఒక జానెడు రాగి తీగ తెచ్చి పటం ముందు వరసగా పెట్టాడు. కూర్చున్నాడు.

"ఎట్టు," అన్నాడు.

నేను పులిహోర కలుపుతూనే ఉన్నాను.

"ఎట్టవే. ఇది రాగి. పసుపూ కుంకం దీన్నేటీ సెయ్యవు."

ఓదార్పుగానే అన్నాడు. అందుకే అది అంత లోతుగా దిగింది. వచ్చి కూర్చున్నాను. ఉంగరం వేలు పసుపులో ముంచి కట్టరుకి పెట్టాను, ఊదుడు దీపానికి పెట్టాను, రాగి తీగకి దాని పొడుగునా రాశాను. ఆయన అలా చూస్తూ ఉన్నాడు. హారతి వెలిగించాను. ఆయన కళ్లకద్దుకుని దణ్ణం పెట్టాడు. నాకు చేతులు కలవలేదు. పళ్లెం పట్టుకునే ఉన్నాను, కర్పూరం ఆరిపోయేదాకా.